సంతలో మాయమైన ఎద్దు

ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెనో, సబ్బు కాగితాన్నో, టీపొడి పొట్లాన్నో ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని మీద తయారుచేసినవారి పేరుతోపాటు ఒక గుర్తు ఉంటుంది. దీనిని వ్యాపార చిహ్నం అంటారు. ఈ రోజుల్లో అందరూ లోగో అంటున్నారు కనుక మనమూ అలాగే అందాం. పొట్లాన్ని సగం మూసినా, తలక్రిందులుగా పట్టుకున్నా, ఆ గుర్తు ఫలానావారిదని మీరు చెప్పగలరు. చదువు రాని అవ్వ కూడా చెప్పగలదు. మరి కొన్ని కొట్ల గుర్తులు మీరు రోజూ బడికి వెళ్ళే దారిలోనే ఉన్నా, ఎలా ఉంటాయో చెప్పమంటే బుర్ర గోక్కుంటారు. ఎందుచేత?

"బొమ్మ బాగా గీయలేదేమో" అంటారా? అది పూర్తి జవాబు కాదు. చాలా చక్కగా గీసిన బొమ్మ కూడా బజారులోకి రాగానే కనబడకుండా పోవచ్చు. దానికి కారణాలు కొన్ని మీ భౌతికశాస్త్రం పుస్తకంలోను, కొన్ని జీవశాస్త్రంలోను, కొన్ని రేఖాగణితంలోను ఉన్నాయి.

ముందుగా ఒక చిన్న చరిత్ర. ఇంగ్లండులో వ్యాపార చిహ్నాలను రిజిస్టరు చేసే చట్టం అమలులోకి వచ్చినప్పుడు, 1876 జనవరి 1 న, మొదటి నంబరుతో నమోదైనది బాస్ అనే బీరు కంపెనీవారి గుర్తు. అదేమిటో తెలుసా? ఒక ఎర్రటి త్రిభుజం. అంతే! సింహాలు, కిరీటాలు, ద్రాక్షగుత్తులు ఏమీ లేవు.

ఇంకొకటి. 1971 లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఫిల్ నైట్ అనే ఆయనకు బూట్ల వ్యాపారం ఉండేది. అప్పటికి అది పెద్ద కంపెనీ కాదు. ఆయన అక్కడి విశ్వవిద్యాలయంలో డిజైను చదువుకుంటున్న కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని చేత గుర్తు గీయించుకున్నాడు. ఆయన ఆమెతో "అందంగా ఉండాలి" అని ఊరుకోలేదు. చూస్తే కదలిక, వేగం తోచాలి. బూటు ప్రక్కన ఇమడాలి. అడిడాస్ వారి మూడు చారల వలె ఉండకూడదు - ఇదీ ఆయన కోరిక. ఆమె చాలా బొమ్మలు వేసి చూపించింది. అందులో ఒకటి ఎంచుకున్నారు. ఆమె తీసుకున్న రుసుము 35 డాలర్లు. ఆ గుర్తే నైకీ కొక్కెం గీత. (వ్యాపారం పెరిగాక 1983 లో ఆమెకు ఒక ఉంగరమూ, కంపెనీ వాటాలూ ఇచ్చారు లెండి.)

ఫిల్ నైట్ చెప్పిన మాటలను మరొకసారి చదవండి. ఆ గుర్తు ఎక్కడ ఉండాలో, దేనికి వేరుగా కనబడాలో ఆయన చెప్పాడు. గీత ఎలా గీయాలో చెప్పలేదు. గుర్తు కావలసినవారూ, గీసేవారూ కలిసి పనిచేసే తీరు ఇదే. ఇది తెలియక మా ప్రాంతంలో ఒక డ్వాక్రా సంఘంవారు పడిన అవస్థ చెబుతాను. ఇందులో మీకు పనికివచ్చే లెక్కలు చాలా ఉన్నాయి.

పదిమంది ఆడవాళ్ళు అప్పు తీసుకుని వేరుశనగ గానుగ పెట్టారు. నూనె మంచిది. మండల కేంద్రంలో కంప్యూటరు మీద బొమ్మలు వేసే ఒక కుర్రవాడి చేత లోగో వేయించారు. గుండ్రటి చట్రం, లోపల గానుగ త్రిప్పుతున్న ఎద్దు, వెనుక ఉదయించే సూర్యుడు, క్రింద వేరుశనగ మొక్క, కాయలు, మధ్యలో నూనె చుక్క, చుట్టూ వంపుగా సంఘం పేరు. ఆకుపచ్చ నేల మీద ఎర్రటి అక్షరాలు. కంప్యూటరు తెర మీద చూస్తే నిజంగా కన్నులపండువుగా ఉంది. లేబుళ్ళు అచ్చు వేయించి, డబ్బాలకు అంటించి, వారపు సంతకు తీసుకువెళ్ళారు.

మొదటి వారం కొన్నవాళ్ళు రెండో వారం వచ్చి, వేరే దుకాణంలో నూనె కొనుక్కుని పోయారు. కావాలని కాదు, పోల్చుకోలేక. పైగా ఒకాయన పక్క దుకాణంలో కొన్న డబ్బా పట్టుకొచ్చి "మీ నూనె మడ్డి వాసన వస్తోంది" అని వీళ్ళతో తగవు పెట్టుకున్నాడు! అప్పు వాయిదా మాత్రం ఆగదు గదా.

సంఘం అధ్యక్షురాలు కుర్రవాడి దగ్గరకు వెళ్ళి, "నాయనా, బొమ్మలో కళ లేదు, ఇంకాస్త కళ ఉండేట్టు చెయ్యి" అన్నది. అతను బంగారు రంగు అంచు వేశాడు. మళ్ళీ వెళ్ళింది. సూర్యుడికి కిరణాలు పెంచాడు. మూడోసారి వెళ్ళేసరికి ఇద్దరికీ విసుగు పుట్టింది. "అమ్మా, మీకేం కావాలో మీరే చెప్పండి" అంటాడతను. "కావలసింది తెలిస్తే నీ దగ్గరకెందుకు వస్తాం?" అంటుందామె. చివరికి ఆ లేబులు నా దగ్గరకు వచ్చింది. "మాస్టారూ, బాగుందో లేదో మీరు చెప్పండి" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా, కొలత టేపు, లేబులు అంటించిన డబ్బా పట్టుకుని మా పదో తరగతి పిల్లలను మైదానంలోకి తీసుకుపోయాను.

డబ్బాను బల్ల మీద పెట్టి 10 మీటర్ల దూరంలో నిలబడ్డాం. సంతలో నడిచే దారి నుంచి దుకాణం సుమారు అంత దూరమే ఉంటుంది. ఎద్దు ఏదీ? మాయమైపోయింది. ఒక పిల్లవాడు "కుక్క పడుకున్నట్టు ఉంది సార్" అన్నాడు. మూడు నాలుగు అడుగులు వేసి దగ్గరకు పోతే అది నాలుగు కాళ్ళ జంతువని తెలిసింది. కొమ్ములు కనబడాలంటే మూడు మీటర్లకు రావలసి వచ్చింది.

ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించండి. మన కంటి వెనుకభాగంలో రెటీనా అనే పొర ఉన్నది. దాని మధ్యభాగంలో శంకు కణాలు దగ్గరదగ్గరగా పేర్చి ఉంటాయి. రెండు చుక్కలు వేరువేరుగా కనబడాలంటే, వాటి ప్రతిబింబాలు రెండు కణాల మీద పడి, మధ్యలో కనీసం ఒక కణం ఖాళీగా మిగలాలి. లేకపోతే రెండూ కలిసి ఒకే చుక్కగా తోస్తాయి. మామూలు మంచి కంటికి ఈ హద్దు సుమారు ఒక నిమిషం కోణం. నిమిషం అంటే ఇక్కడ గడియారపు నిమిషం కాదు, డిగ్రీలో 60 వ వంతు. 1862 లో స్నెలెన్ అనే డచ్చి కంటి వైద్యుడు ఈ లెక్క మీదనే కళ్ళ పరీక్షకు వాడే అక్షరాల పట్టిక తయారుచేశాడు. ఆయన అక్షరంలో ప్రతి గీత మందం ఒక నిమిషం, అక్షరం ఎత్తు 5 నిమిషాలు.

దీనిని కొలతలోకి మారుద్దాం. వృత్తంలో 360 డిగ్రీలు, అంటే 21,600 నిమిషాలు. దీనిని 2 పై తో భాగిస్తే సుమారు 3438 వస్తుంది. అంటే, మీరు నిలబడిన దూరాన్ని 3438 తో భాగిస్తే, ఆ దూరం నుంచి కనబడగల అతి సన్నని వివరం ఎంతో తెలుస్తుందన్నమాట. 10 మీటర్లు అంటే 10,000 మిల్లీమీటర్లు. భాగిస్తే సుమారు 2.9 మి.మీ. లేబులు మీద ఎద్దు కాళ్ళ మందం 1 మి.మీ. మాత్రమే! తిరగవేసి చూడండి: 1 మి.మీ. గీత 3438 మి.మీ. దూరం వరకే, అంటే 3.4 మీటర్ల వరకే, విడిగా తెలుస్తుంది. మైదానంలో మేము నడిచి తెలుసుకున్నదీ ఇంచుమించు ఇదే గదా! ఇది మంచి కళ్ళకు చెప్పిన లెక్క. కళ్ళజోడు ఇంట్లో మరచి సంతకు వచ్చే తాతగారికి దీనికి రెట్టింపు మందం ఉండాలి.

ప్రతిసారీ మైదానానికి పోనక్కర లేదు. సరూప త్రిభుజాలు గుర్తున్నాయా? 10 సెం.మీ. వెడల్పు బొమ్మను 10 మీటర్ల నుంచి చూడడమూ, 4 మి.మీ. వెడల్పు బొమ్మను 40 సెం.మీ. నుంచి చూడడమూ ఒకటే, ఎందుకంటే కంటి దగ్గర రెండూ చేసే కోణం ఒక్కటే. కనుక నోటుపుస్తకంలో కందిగింజంత వృత్తం గీసి, అందులో మీ లోగో గీయడానికి ప్రయత్నించండి. పెన్సిలు దేనిని గీయలేకపోయిందో దానిని సంతలో కన్ను చూడలేదు. మా పిల్లల్లో ఎవరూ ఎద్దును గీయలేకపోయారు. నూనె చుక్కను అందరూ గీశారు.

తరువాత తేలినది అక్షరాల సంగతి. సంఘం పేరు ఇక్కడ చెప్పను గాని, అందులో "ద్ధి" అనే అక్షరం ఉన్నది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు అన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి. మన అక్షరం అలా కాదు. "ద్ధి" కి పైన గుడి, క్రింద ధ-వత్తు. మొత్తం ఎత్తు 2 సెం.మీ. ఇస్తే అసలు అక్షరానికి మిగిలేది సగమే. దానికితోడు ద కు, ధ కు తేడా అడుగున ఒక చిన్న గీత. థ కు అయితే పొట్టలో చుక్క. అచ్చులో సిరా కొంచెం పాకితే ఆ తేడా పోతుంది. గుండ్రటి చట్రం వెంట వంపుగా పేర్చడం వలన వత్తులు ఒకదానితో ఒకటి రాసుకుని ఇంకా చిక్కుపడ్డాయి. ఇంగ్లీషు లోగోలను చూసి అదే మూసలో తెలుగును కూర్చితే ఇలాగే అవుతుంది. కుర్రవాడు ఈ మాట విని, పేరును చట్రంలోంచి తీసి క్రింద తిన్నటి వరుసలో పెట్టాడు. వత్తులకు చోటు వదిలాడు. ఒక్కసారిగా పేరు చదవ వచ్చింది.

రంగుల దగ్గర అసలు గొడవ వచ్చింది. ఆకుపచ్చ మీద ఎరుపు కొట్టవచ్చినట్టు కనబడుతుందని సంఘంవారి నమ్మకం. మీరు సెల్‌ఫోనుతో అలాంటి లేబులును నలుపు-తెలుపు ఫోటో తీసి చూడండి. మేము తీస్తే అక్షరాలూ నేలా ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి! ఎందుకంటే ఆ ఎరుపు, ఆ ఆకుపచ్చ రంగులో వేరైనా వెలుగులో సమానం. సన్నని వివరాలను పోల్చుకోవడానికి మన కన్ను ముఖ్యంగా వెలుగు-చీకటి తేడా మీద ఆధారపడుతుంది. రంగుల తేడా ఒక్కటే దానికి చాలదు. అందువల్లనే అలాంటి అక్షరాల అంచులు కదులుతున్నట్టు, మసకగా తోస్తాయి. అంతేకాదు, ఎరుపు ఆకుపచ్చలను వేరుచేసి చూడలేనివారు కొందరున్నారు. దీనికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగవారికి ఎక్స్ ఒక్కటే కనుక ఈ లోపం వారిలో ఎక్కువ. ఐరోపా సంతతి మగవారిలో నూటికి 8 మందికి, ఇతర ప్రజలలో అంతకు కొంత తక్కువగా ఇది ఉంటుంది. వారికి ఆ లేబులు మీద పేరే ఉండదు!

ఇంకొక వింత. సంజవేళ దీపాలు పెట్టకముందు మందారచెట్టును గమనించండి. ఆకులు ఇంకా కనబడుతుండగానే పూలు నల్లబడిపోతాయి. మసక వెలుతురులో శంకు కణాలకు బదులు దండ కణాలు పనిచేస్తాయి. వాటికి ఎరుపు దాదాపు తెలియదు. చెక్ దేశపు శాస్త్రవేత్త పుర్కిన్యే దీనిని 1819 లో గమనించాడు. ఉదయం "ఎర్రక్షరాల డబ్బా" అని గుర్తుపెట్టుకున్నవారికి, సాయంత్రం అది నల్లక్షరాల డబ్బా అవుతుంది.

చివరకు ముదురు ఆకుపచ్చ నేల మీద తెల్లటి అక్షరాలు, తెల్లటి చుక్క అని నిర్ణయించారు. ఇక్కడ కుర్రవాడి పనితనం చూడాలి. నల్లటి నేల మీది తెల్లగీత, తెల్లటి నేల మీది అదే మందంగల నల్లగీత కంటే లావుగా కనబడుతుంది. కంటిలో కాంతి కాస్త చెదరి అంచులు దాటుతుంది. 19 వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీనిని గురించి వివరంగా వ్రాశాడు. అయితే తెల్లగీతను కొంచెం సన్నం చెయ్యాలా? తెర మీద అయితే చెయ్యాలి. అచ్చులో మాత్రం చుట్టూ ఉన్న ఆకుపచ్చ సిరా తెల్లభాగంలోకి పాకి గీతను తినేస్తుంది. కన్ను లావు చేస్తే సిరా సన్నం చేస్తుందన్నమాట! అతను కాగితం లేబులుకు ఒక మందం, ఫోనులో చూపడానికి మరొక మందం పెట్టి రెండు తయారుచేశాడు. ఇలాంటిది మనం చెప్పి చేయించలేం. గీసేవారికి వదిలిపెట్టాలి.

అలాగే నూనె చుక్క విషయంలో జరిగింది. అధ్యక్షురాలు స్కేలు పెట్టి కొలిచి, "చుక్క వృత్తానికి సరిగా నడుమ లేదు, పైకి జరిగింది" అని పట్టుబట్టింది. కుర్రవాడు "నడుమ పెడితే క్రిందికి జారినట్టుంటుంది" అంటాడు. ఎవరు చెప్పింది నిజం? మందపాటి అట్టతో 6 సెం.మీ. ఎత్తుగల త్రిభుజం కత్తిరించండి. ఒక్కొక్క శీర్షం దగ్గర దారం కట్టి వేలాడదీసి, దారం వెంట గీతలు గీయండి. ఆ గీతలు కలిసేచోటు గురుత్వ కేంద్రం. అది భూమి నుంచి 2 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, 3 సెం.మీ. దగ్గర కాదు. అంటే ఎత్తుకు సగంలో ఉన్న బిందువు కంటే 1 సెం.మీ. క్రిందికి. పైన మొనదేలి అడుగున లావుగా ఉండే చుక్క కూడా అటువంటిదే. స్కేలు రెండు కొనలను మాత్రమే కొలుస్తుంది. కన్ను ఆకారపు నిండుతనాన్ని తూస్తుంది. చుక్క గురుత్వ కేంద్రాన్ని వృత్తకేంద్రం మీద పెడితే, చుక్క కొంచెం పైకి జరగవలసిందే. అట్టతో చుక్క ఆకారం కత్తిరించి దారానికి కట్టి చూపించాక ఆమె స్కేలు ప్రక్కన పెట్టింది.

ఎద్దును తీసెయ్యడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్నగారి గానుగెద్దు తలుపుకు వస్తుందట. అది తేలికగా కొట్టిపారేసే మాట కాదు. కుర్రవాడే ఉపాయం చెప్పాడు: ముందువైపు చుక్క, వెనుకవైపు నూనె తీసే పద్ధతి వ్రాసినచోట ఎద్దు, అదీ పెద్దగా. డబ్బా చేతిలోకి తీసుకున్నవారికి ఎద్దు కనబడుతుంది, దూరం నుంచి వచ్చేవారికి చుక్క కనబడుతుంది.

ఈ పని నాలుగు వారాలు పట్టింది. వాళ్ళు పాటించిన పద్ధతి మీరు ప్రయోగశాలలో పాటించేదే. ఒకసారికి ఒక్క మార్పు. రంగు, అక్షరం, బొమ్మ మూడూ ఒకేసారి మారిస్తే, ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు గదా. "బాగులేదు" అనే మాట మానేసి "10 మీటర్ల నుంచి పేరు చదవలేకపోతున్నాం" అని చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు కుర్రవాడికి కోపం రాలేదు, పని దొరికింది. ఇంకొక నియమం, పరీక్షకు చుట్టాలను పిలవకూడదు. లోగోను ఎన్నడూ చూడనివారికి రెండు సెకన్లు చూపించి మూసేసి, "ఏమి చూశారో గీయండి" అనాలి. "బాగుందా?" అని అడిగితే మొహమాటానికి ప్రతివారూ బాగుందనే అంటారు.

ఎంత తీసేసినా ఆకారం నిలుస్తుందా అన్న అనుమానం మీకు రావచ్చు. ప్రపంచ వన్యప్రాణి నిధివారి పాండా గుర్తును చూడండి. 1961 లో సంస్థ పుట్టినప్పుడు జెరాల్డ్ వాటర్‌సన్ వేసిన చిత్తుబొమ్మల ఆధారంగా సర్ పీటర్ స్కాట్ దానిని గీశాడు. నలుపు-తెలుపు జంతువైతే అచ్చుఖర్చు తగ్గుతుందన్నది కూడా ఆ ఎంపికకు ఒక కారణం. తరువాత 1978, 1986, 2000 సంవత్సరాలలో దానిని సవరిస్తూ వచ్చారు. ఇప్పటి బొమ్మలో పాండా తల పైభాగానికీ, వీపుకూ గీతే లేదు! తెల్లకాగితమే వీపు. అయినా మీకు పాండా పూర్తిగా కనబడుతుంది, లేని అంచును మీ మెదడు గీసుకుంటుంది. ఇటలీ శాస్త్రవేత్త కనిజ్సా 1955 లో మూడు కోసిన వృత్తాల మధ్య లేని త్రిభుజాన్ని కనబడేలా చేసి, మెదడు చేసే ఈ పనిని చూపించాడు.

పని పూర్తయ్యాక డిజైనరు దగ్గర తీసుకోవలసినది ఫోటో కాదు, గీతల ఫైలు. ఫోటో అంటే చిన్నచిన్న గళ్ళు. 200 గళ్ళ వెడల్పు ఉన్న ఫోటోను 3 మీటర్ల బోర్డుకు పెంచితే ఒక్కొక్క గడి 15 మి.మీ. అవుతుంది. దానిని 3438 తో గుణించండి: 50 మీటర్ల దూరం నుంచి కూడా అంచు మెట్లుమెట్లుగా కనబడుతుంది! గీతల ఫైలులో అయితే కొన్ని బిందువుల నిరూపకాలు, వాటి మధ్య వక్రాన్ని చెప్పే సమీకరణాలు ఉంటాయి. ఎంత పెంచినా కంప్యూటరు మళ్ళీ గీస్తుంది కనుక అంచు నున్నగానే ఉంటుంది. ఈ వక్రాలకు బెజియే వక్రాలని పేరు. 1960 ప్రాంతాలలో ఫ్రాన్సులోని రెనో కార్ల కంపెనీలో పియేర్ బెజియే అనే ఇంజనీరు కారు వంపులు గీయడానికి వీటిని వాడకంలోకి తెచ్చాడు.

మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం క్రింద లోగోను రిజిస్టరు చేసుకోవచ్చు. ఒకసారి చేస్తే 10 సంవత్సరాలు చెల్లుతుంది, తరువాత మళ్ళీ పొడిగించుకోవచ్చు. ఇంకొకరి గుర్తుకు దగ్గరగా ఉన్నదేమో ముందే వెదికి చూసుకోవాలి. సంఘంవారు ఇప్పుడు ఆ వెదుకులాటలో ఉన్నారు. నూనె చుక్క చాలామందికి తోచే ఆలోచన గదా!

ఇక మీకొక లెక్క. మీ ఊరి బస్సుస్టాండులో ఒక కొట్టు బోర్డును 60 మీటర్ల దూరం నుంచి ప్రయాణికులు చదవాలి. చూపు సగమే ఉన్న తాతగారు కూడా చదవాలంటే, వత్తులు, గుడులు మినహాయించి అక్షరం ఎత్తు కనీసం ఎంత ఉండాలి? (జవాబు: మంచి కంటికి సుమారు 8.7 సెం.మీ.; తాతగారికి 17.5 సెం.మీ. బోర్డును కొలిచేటప్పుడు మాత్రం కొట్టు యజమానిని అడిగి కొలవండి.)